బేస్ గిటార్ ఆంప్ సొంతంగా కట్టుకుంటే: బోర్డు మీద రాసిన వాట్లు ఎక్కడికి పోతాయి?

క్లుప్తంగా: ట్రాన్సిస్టర్లు, ఐసీలతో (ఒకే చిప్‌లో ఇమిడిన సర్క్యూట్లతో) బేస్ గిటార్ ఆంప్లిఫైయర్‌ను హైదరాబాద్‌లో సొంతంగా కట్టుకోవచ్చు. విడిభాగాలకు కొరత లేదు. అయితే తయారైన ఆంప్ ఎంత గట్టిగా, ఎంత శుభ్రంగా పలుకుతుందన్నది పవర్ బోర్డు కన్నా ట్రాన్స్‌ఫార్మర్, ఫిల్టర్ కెపాసిటర్లు, హీట్‌సింక్ (వేడిని గాలిలోకి వదిలే లోహపు రెక్కల దిమ్మ), స్పీకర్ పెట్టెల మీదే ఎక్కువగా ఆధారపడుతుంది. ఇంట్లో సాధనకు 60 వాట్ల ఐసీ ఆంప్ చాలు. డ్రమ్ముల పక్కన నిలబడాలంటే లెక్క వేరు.

కోఠి గుజరాతీ గల్లీలో ఆంప్లిఫైయర్ బోర్డు అడిగితే అరచేతిలో పట్టేవి నాలుగైదు రకాలు బయటికొస్తాయి. ఒకదాని మీద 100 వాట్లు, మరోదాని మీద 200 అని ఉంటుంది. ఆన్‌లైన్‌లో అంకెలు ఇంకా పెద్దవి. అదే పేరున్న కంపెనీ బేస్ గిటార్ ఆంప్ కొనబోతే, చిన్న ప్రాక్టీస్ ఆంప్‌కే ఆ బోర్డు ధరకు ఎన్నో రెట్లు పెట్టాలి. చర్చి బృందాల్లోనో కాలేజీ బ్యాండ్లలోనో బేస్ వాయించేవారికి సందేహం వచ్చేది ఇక్కడే. ఒక బోర్డు కొని, డబ్బాలో బిగించి, స్పీకర్ తగిలిస్తే సరిపోదా?

అలా కట్టిన ఆంప్‌లలో కనిపించే రోగాలు దాదాపు ఒకే తీరుగా ఉంటాయి. ఫోన్‌లో పాట పెడితే బ్రహ్మాండంగా మోగినది, బేస్ గిటార్ తగిలించగానే గరగరలాడుతుంది. వాయించకుండా ఊరుకున్నా గుయ్‌మని హమ్ వినిపిస్తుంది. ఎండాకాలంలో కాసేపు వాయిస్తే దానంతట అదే ఆగిపోతుంది. వీటిలో ఏ ఒక్కదానికీ మూలం సాధారణంగా బోర్డులో ఉండదు.

ఈ వాయిద్యం అడిగేదేమిటి

నాలుగు తీగల బేస్ గిటార్‌లో అన్నిటికన్నా మందమైన ‘ఈ’ తీగ పౌనఃపున్యం 41.2 హెర్ట్జ్. తర్వాతివి వరుసగా ‘ఏ’ 55, ‘డీ’ 73.4, ‘జీ’ 98. ఐదు తీగల వాయిద్యంలో అదనంగా ఉండే ‘బీ’ తీగ 30.9 హెర్ట్జ్ దాకా దిగుతుంది. మామూలు గిటార్ మంద్ర తీగ 82.4 హెర్ట్జ్, అంటే బేస్ సరిగ్గా ఒక స్థాయి (ఆక్టేవ్) కింద మొదలవుతుంది. ఒక స్థాయే కదా అనిపిస్తుంది కానీ, సర్క్యూట్‌లోని ప్రతి భాగానికీ అది రెట్టింపు కష్టం. స్పీకర్‌కైతే అంతకన్నా ఎక్కువ. అదే శబ్ద తీవ్రతను ఒక స్థాయి కింద ఇవ్వాలంటే కోన్ నాలుగు రెట్లు ముందుకూ వెనక్కూ కదలాలి.

చెవి తీరు కూడా తోడవుతుంది. మామూలు స్థాయి శబ్దంలో 40 హెర్ట్జ్ స్వరం 1000 హెర్ట్జ్ స్వరంతో సమానంగా వినిపించాలంటే అది సుమారు 25 నుంచి 30 డెసిబెల్స్ ఎక్కువ ఉండాలి. వాట్లు రెట్టింపు చేస్తే పెరిగేది 3 డెసిబెల్సే. బేస్ వాయించేవారికి గిటార్ వాయించేవారి కన్నా కొన్ని రెట్లు పెద్ద ఆంప్ కావాలనడం ఇందుకే.

అలాగని బేస్ గిటార్ అంటే అడుగు శబ్దమే అనుకోవడం పొరపాటు. ‘ఈ’ తీగ మోగినప్పుడు 41 హెర్ట్జ్ కన్నా దాని రెండో అనుస్వరం (హార్మోనిక్), 82 హెర్ట్జ్ దగ్గరిది, తరచూ బలంగా ఉంటుంది. వేలు తీగను మీటిన చప్పుడు, తీగ ఫ్రెట్‌కు తగిలిన టక్కుమనే ధ్వని రెండు, మూడు వేల హెర్ట్జ్ దాకా పోతాయి. ఏ స్వరం వాయించారో చెవి గుర్తుపట్టేది ఎక్కువగా ఈ అనుస్వరాలతోనే. హోమ్ థియేటర్ల కోసం అమ్మే సబ్‌వూఫర్ బోర్డు బేస్ గిటార్‌కు పనికిరాకపోవడానికి కారణం ఇదే. దాని ఫిల్టర్ 100, 150 హెర్ట్జ్ పైనున్నదంతా కోసేస్తుంది. మిగిలేది స్వరం తెలియని గుమ్‌గుమ్ మాత్రమే. దుకాణంలో ‘బేస్ ఆంప్ బోర్డు’ అని మాత్రమే అడిగితే చేతికొచ్చేది చాలాసార్లు అదే. కాబట్టి ‘ఫుల్ రేంజ్ మోనో పవర్ ఆంప్’ అని అడగాలి.

వాల్వుల దారి ఎందుకు కాదు

బేస్ ఆంప్‌ల చరిత్రలో వాల్వులకు (గాజు వాక్యూమ్ ట్యూబులకు) పెద్దపీట ఉంది. 1969లో వచ్చిన ఆంపెగ్ ఎస్‌వీటీ 300 వాట్ల వాల్వ్ ఆంప్. ఇప్పటికీ చాలామంది ధ్వనిని దానితోనే పోల్చుకుంటారు. అయితే వాల్వులకూ స్పీకర్‌కూ మధ్య అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ ఉండాలి. అదే వోల్టేజీని సగం పౌనఃపున్యంలో మోయాలంటే దాని ఇనుప కోర్ రెట్టింపు అయస్కాంత ప్రవాహాన్ని భరించాలి. 40 హెర్ట్జ్‌ను తడబడకుండా దాటించే ట్రాన్స్‌ఫార్మర్ అందుకే అంత బరువు, అంత ఖరీదు. పైగా లోపల తిరిగేది 400 వోల్టులు, అంతకు మించి కూడా. మొదటిసారి కట్టేవారు చేయి పెట్టాల్సిన చోటు కాదది.

ట్రాన్సిస్టర్లు ఆ ట్రాన్స్‌ఫార్మర్‌ను తీసేశాయి. 1956లో హెచ్.సి.లిన్ ప్రతిపాదించిన అమరికతో ట్రాన్సిస్టర్ నేరుగా స్పీకర్‌ను నడిపే దారి తెరుచుకుంది. నేటి పవర్ ఆంప్‌లలో అత్యధికం దాని వారసులే. వాల్వ్ ఆంప్ హద్దు దాటినప్పుడు మెల్లగా మెత్తబడుతుంది. ట్రాన్సిస్టర్ ఆంప్ హద్దు దాటగానే అలను కత్తిరించినట్టు చదును చేస్తుంది. అందుకే సాలిడ్ స్టేట్‌లో, అంటే ట్రాన్సిస్టర్ ఆంప్‌లో, హద్దును ఎప్పుడూ వినియోగానికి బాగా పైన పెట్టుకోవాలి. ఆ హద్దును నిర్ణయించేది బోర్డు కాదు, సప్లై, అంటే లైన్ కరెంటును మార్చి బోర్డుకు అందించే ట్రాన్స్‌ఫార్మర్, బ్రిడ్జ్, కెపాసిటర్ల భాగం.

వాట్లను నిర్ణయించేది ట్రాన్స్‌ఫార్మరే

200 వాట్లు అని రాసి ఉన్న బోర్డునే తీసుకుందాం. 4 ఓమ్‌ల స్పీకర్‌కు 200 వాట్లు అందాలంటే అల శిఖరం దగ్గర 40 వోల్టులు, 10 ఆంపియర్లు కావాలి. బోర్డు తనలో తాను రెండు మూడు వోల్టులు మింగుతుంది. అంటే భారం పడ్డాక కూడా సప్లై ±43 వోల్టుల (43 ప్లస్, 43 మైనస్) దగ్గర నిలవాలి. అదే బోర్డుకు మార్కెట్లో తేలిగ్గా దొరికే 12-0-12 (మధ్య తీగకు రెండు వైపులా 12 వోల్టులిచ్చే), 5 ఆంపియర్ల ట్రాన్స్‌ఫార్మర్ తగిలించారనుకుందాం. 12ను 1.414తో గుణిస్తే శిఖరం 17, ఏసీని డీసీగా మార్చే డయోడ్ల బ్రిడ్జ్‌లో ఒక వోల్టు పోతే 16. బోర్డు మూడు వోల్టులు తీసుకుంటే మిగిలేది 13. వర్గం చేసి, 4 ఓమ్‌ల రెట్టింపుతో, అంటే 8తో భాగిస్తే 21 వాట్లు. 200లో మిగతావి ఎక్కడికీ పోలేదు, మొదటి నుంచీ లేవు. ఫోన్ పాటకు 21 వాట్లు ఇల్లు దద్దరిల్లేంత. బేస్ గిటార్‌కు గట్టిగా రెండు స్వరాలు మీటేలోపే హద్దు దాటిపోయేంత. గరగరకు మొదటి కారణం ఇది.

మొదటిసారి కట్టేవారికి ఎక్కువగా సూచించే ఐసీ ఎల్ఎం3886. ±28 వోల్టుల సప్లైతో 4 ఓమ్‌లకు 68 వాట్లు ఇస్తుందని దాని డేటాషీట్ చెబుతుంది. దీనికి సరిపడేది 20-0-20 ట్రాన్స్‌ఫార్మర్, 150 వోల్ట్ ఆంపియర్ల సామర్థ్యంతో. దుకాణం భాషలో ‘20-0-20, 4 ఆంపియర్లు’. 8 ఓమ్‌ల స్పీకర్ అయితే 25-0-25కు వెళ్లి, ±35 వోల్టుల దగ్గర సుమారు 50 వాట్లు పొందవచ్చు.

ఇక్కడ ఇంకాస్త పైకి పోదామనే ఆశ పుడుతుంది. 28-0-28 పెడితే సప్లై ±38.6 అవుతుంది. ఎల్ఎం3886 పనిచేసే పరిమితి మొత్తం 84 వోల్టులు, అంటే ±42. కాగితం మీద ఇబ్బంది లేదు. కానీ లైన్ వోల్టేజీ 230 దగ్గరే కదలకుండా ఉండదు. భారం తగ్గిన రాత్రివేళ 250 చేరితే సప్లై ±42ను తాకుతుంది. చిన్న ట్రాన్స్‌ఫార్మర్లు భారం లేనప్పుడు రాసిన దానికన్నా ఐదు, పది శాతం ఎక్కువే ఇస్తాయి. అదీ కలిపితే ±44 నుంచి 46. ఆంప్ ఆన్‌లో ఉండి ఎవరూ వాయించని వేళ కూడా ఐసీ పనిచేసే పరిమితి దాటి ఉంటుందన్నమాట. టీడీఏ7294 వాడితే దాని పరిమితి ±40 మాత్రమే, ఇంకా ముందే చిక్కు. వోల్టేజీ కాస్త తగ్గించి కడితే పోయేది ఒక డెసిబెల్. ఆ ఒక్కటి చెవికి తెలియను కూడా తెలియదు.

నగరంలో అడిగిన వోల్టేజీకి ట్రాన్స్‌ఫార్మర్ చుట్టి ఇచ్చేవారు ఇంకా ఉన్నారు. వైండింగ్ రాగి తీగతోనా, అల్యూమినియంతోనా అన్నది ముందే తేల్చుకోవాలి. అదే మందంలో అల్యూమినియం నిరోధం రాగికి సుమారు 1.6 రెట్లు. వేళ్లతో తడిమితే తేడా తెలియదు, గట్టిగా మీటినప్పుడు సప్లై కుంగినప్పుడు తెలుస్తుంది.

కెపాసిటర్లకు 12 మిల్లీసెకన్ల పరీక్ష

మన 50 హెర్ట్జ్ కరెంటులో బ్రిడ్జ్ దాటిన తర్వాత ఫిల్టర్ కెపాసిటర్లు ప్రతి 10 మిల్లీసెకన్లకు ఒకసారి నిండుతాయి. మధ్యలో ఆంప్ బతికేది వాటిలో నిల్వ ఉన్నదానితోనే. రోజు విడిచి రోజు నల్లా వచ్చే కాలనీలో ఇంటి పైన ట్యాంకు ఎంత పెద్దదన్నది ఎంత ముఖ్యమో, ఇక్కడ మైక్రోఫారడ్ల సంఖ్య అంత ముఖ్యం.

బేస్ గిటార్‌కూ మిగతా వాయిద్యాలకూ తేడా ఇక్కడ స్పష్టంగా బయటపడుతుంది. 41 హెర్ట్జ్ అలలో ఒక సగం 12 మిల్లీసెకన్లు ఉంటుంది. అంతసేపూ ప్లస్ సప్లై ఒక్కటే భారం మోస్తుంది, తర్వాతి 12 మిల్లీసెకన్లు మైనస్ సప్లై. ఒక నింపుడుకూ మరో నింపుడుకూ మధ్య ఉన్న 10 మిల్లీసెకన్లు మొత్తం ఒకే కెపాసిటర్ మీద పడవచ్చు. 68 వాట్ల ఆంప్ పూర్తి బలంతో ఉన్నప్పుడు 10,000 మైక్రోఫారడ్ల కెపాసిటర్ మీద అలాంటి వేళ వోల్టేజీ 4 వోల్టులకు పైగా పడిపోతుంది. అదే కెపాసిటర్, అదే బలం, కానీ స్వరం 400 హెర్ట్జ్ అయితే భారం రెండు వైపులకూ వెంటవెంటనే మారుతూ పంచుకుంటుంది. పడేది 2 వోల్టుల లోపే. చవక సప్లై బోర్డులపై తరచూ కనిపించే 2,200 మైక్రోఫారడ్లతో లెక్క కడితే ‘ఈ’ తీగ దగ్గర పడిపోయేది దాదాపు 20 వోల్టులు. ±27 సప్లైలో 20 పోతే మిగిలేదేముంది? పాటలకు బాగా మోగి బేస్‌కు బొంగురుపోయే ఆంప్ రహస్యం చాలావరకు ఇదే. ఒక్కో వైపు 10,000 మైక్రోఫారడ్లు, 50 వోల్టుల రేటింగ్‌తో, ఈ స్థాయి ఆంప్‌కు కనీసం అనుకోవాలి.

గుయ్‌మనే శబ్దం జీ తీగ పక్కనే

లైన్ హమ్ 50 హెర్ట్జ్. బ్రిడ్జ్ తర్వాతి అలజడి 100 హెర్ట్జ్. మైక్ కోసం, వయొలిన్ కోసం కట్టే ఆంప్‌లో 100 హెర్ట్జ్ కింద కోసేస్తే హమ్‌లో పెద్ద భాగం పోతుంది. బేస్‌కు ఆ వెసులుబాటు లేదు. 50 హెర్ట్జ్ ‘ఈ’, ‘ఏ’ తీగల మధ్యన కూర్చుంది, 100 హెర్ట్జ్ ఏకంగా ‘జీ’ తీగ 98కు రెండు హెర్ట్జ్ దూరంలో ఉంది. హమ్ వినిపించే ఆంప్‌లో ఆ తీగను విడిగా మోగించి వదిలితే, రెండు ధ్వనులూ కలిసి సెకనుకు రెండుసార్లు ఊగుతాయి. శ్రుతి తప్పిందేమోనని వాయించేవారు మేకులు తిప్పుతూ ఉంటారు, తప్పేమో సప్లైది.

కోసేయలేం కాబట్టి పుట్టకుండా చూసుకోవాలి. ట్రాన్స్‌ఫార్మర్‌ను ఇన్‌పుట్ జాక్‌కు డబ్బాలో వీలైనంత దూరంగా పెట్టాలి. టొరాయిడల్ రకం ఖరీదెక్కువే గానీ బయటికి చిమ్మే అయస్కాంత క్షేత్రం తక్కువ. బ్రిడ్జ్ నుంచి కెపాసిటర్లకు వెళ్లే తీగల్లో కరెంటు పెద్ద పెద్ద తునకలుగా పారుతుంది, ఆ దారిలోనే ఇన్‌పుట్ గ్రౌండ్‌ను కలిపితే ఏ ఫిల్టరూ కాపాడలేదు. కెపాసిటర్ల మధ్య బిందువు నుంచి ఒక తీగ లాగి, ఒకే చోట స్పీకర్, పవర్ బోర్డు, ప్రీఆంప్ (గిటార్ సంకేతాన్ని మొదట పెంచే భాగం) గ్రౌండ్‌లను విడివిడిగా కలపాలి.

ఆంప్‌ను తప్పుపట్టే ముందు ఒక పరీక్ష ఉంది. గిటార్ మీదున్న వాల్యూమ్ పూర్తిగా తగ్గించినా హమ్ ఉంటే దోషం ఆంప్‌ది. తగ్గించగానే పోతే అది పికప్‌ది, అంటే తీగల కింద ఉండి వాటి కదలికను కరెంటుగా మార్చే భాగానిది. సింగిల్ కాయిల్ పికప్‌లు ఉన్న వాయిద్యాలు గదిలోని ట్యూబ్‌లైట్ చోక్‌లను, చార్జర్లను కూడా పట్టుకుంటాయి.

హైదరాబాద్ మే నెల, హీట్‌సింక్

క్లాస్ ఏబీ ఆంప్ (పైన చెప్పిన ఐసీలు ఈ రకమే) సిద్ధాంతం ప్రకారం కూడా 78.5 శాతానికి మించి సామర్థ్యం ఇవ్వదు. మిగతాది వేడి. వింతేమిటంటే అత్యధిక వేడి పుట్టేది పూర్తి శబ్దం దగ్గర కాదు, గరిష్ఠ శక్తిలో 40 శాతం దగ్గర. ±28 వోల్టులు, 4 ఓమ్‌లతో ఐసీలో పుట్టే గరిష్ఠ వేడి సుమారు 40 వాట్లు. బొటనవేలి గోరుకన్నా చిన్న సిలికాన్ ముక్కలో చిన్నపాటి సోల్డరింగ్ ఐరన్ అంత వేడి.

ఎల్ఎం3886 లోపలి ఉష్ణోగ్రత 150 డిగ్రీలు దాటకూడదు. సిలికాన్ నుంచి లోహపు వీపుకు వాటుకు 1 డిగ్రీ, మైకా వాషర్ (కరెంటు పారకుండా ఆపే పలుచని పొర), గ్రీజు కలిపి మరో 0.3 అనుకుందాం. బయట 25 డిగ్రీలుంటే మిగిలిన 125 డిగ్రీలను 40 వాట్లతో భాగించి, ఆ 1.3 తీసేస్తే హీట్‌సింక్‌కు వాటుకు 1.8 డిగ్రీలు అనుమతి. విదేశీ రేఖాచిత్రాల్లో కనిపించే హీట్‌సింక్ సైజులు ఎక్కువగా ఈ లెక్క మీదే ఉంటాయి. మే నెలలో మన నగరంలో 42 డిగ్రీలు పలికే మధ్యాహ్నం డబ్బా చుట్టూ 45 అనుకుంటే, అనుమతి వాటుకు 1.3కి పడిపోతుంది. అంటే హీట్‌సింక్ మూడో వంతుకు పైగా పెద్దది కావాలి. చలికాలంలో కట్టి, పరీక్షించి, బాగుందనుకున్న ఆంప్ ఏప్రిల్ చివర్లో నోరు మూసుకోవడంలో ఆశ్చర్యం లేదు. ఐసీలోని రక్షణ వలయం వేడికి కట్ చేస్తుంది, చల్లబడితే మళ్లీ తెరుస్తుంది. హీట్‌సింక్ రెక్కలు నిలువుగా, డబ్బా బయట, గాలి తగిలేలా ఉండాలి.

వీపు లోహం విషయంలో ఒక హెచ్చరిక. ఎల్ఎం3886లో లోహపు వీపున్న రకానికీ, టీడీఏ7294కూ ఆ వీపు మైనస్ సప్లైకి కలిసి ఉంటుంది. మైకా లేకుండా నేరుగా బిగిస్తే, ఎర్త్ అయిన డబ్బా ద్వారా మైనస్ సప్లై షార్ట్ అవుతుంది.

ఐసీయా, ట్రాన్సిస్టర్ జతలా, క్లాస్ డీయా

మార్కెట్లో మూడు దారులున్నాయి. ఐసీ దారి పైన చెప్పినదే. భాగాలు తక్కువ, రక్షణ లోపలే ఉంటుంది, సర్దుబాట్లేమీ ఉండవు. మొదటిసారి కట్టినవారిని కంగారుపెట్టేది ఒక్కటే: ఎల్ఎం3886 మ్యూట్ పిన్‌ను ఖాళీగా వదిలేస్తే అది మౌనంగానే ఉంటుంది. ఐసీ పోయిందనుకుని మార్చేస్తారు.

రెండోది 2ఎస్‌సీ5200, 2ఎస్‌ఏ1943 జతల బోర్డులు. మండపాల సౌండ్ బాక్సుల నుంచి అసెంబుల్డ్ ఆంప్‌ల దాకా ఈ జతదే రాజ్యం. అసలైనది 230 వోల్టులు, 15 ఆంపియర్లు, 150 వాట్ల భాగం, నాలుగు జతలు పెడితే బేస్‌కు నిజంగా బలమైన ఆంప్ అవుతుంది. చిక్కు రెండు చోట్ల. ఇది ప్రపంచమంతటా అత్యధికంగా నకిలీ అయ్యే ట్రాన్సిస్టర్లలో ఒకటి. నకిలీలో పైన అచ్చు అదే, లోపల సిలికాన్ ముక్క చిన్నది. తక్కువ శబ్దంలో పనిచేస్తుంది, గట్టిగా మీటిన రోజు పోతుంది. ఇక రెండోది బయాస్, అంటే వాయించనప్పుడు కూడా ట్రాన్సిస్టర్లలో పారే కొద్దిపాటి కరెంటు. ట్రాన్సిస్టర్ వేడెక్కిన ప్రతి డిగ్రీకీ దాని బేస్, ఎమిటర్ అనే కాళ్ల మధ్య వోల్టేజీ సుమారు 2 మిల్లీవోల్టులు తగ్గుతుంది. దాన్ని సరిదిద్దే బయాస్ ట్రాన్సిస్టర్ హీట్‌సింక్‌కు అంటుకుని ఉండాలి. బోర్డు మధ్యలో గాల్లో నిలబెట్టి అమ్మేవాటిలో వేడి కరెంటును, కరెంటు వేడిని పెంచుకుంటూ పోతాయి.

క్లాస్ డీ మూడోది, ట్రాన్సిస్టర్లను వేగంగా ఆన్, ఆఫ్ చేస్తూ నడిపే రకం. 90 శాతం దాటే సామర్థ్యం, చిన్న హీట్‌సింక్, ట్రాన్స్‌ఫార్మర్ బదులు తేలికపాటి ఎస్ఎంపీఎస్ (స్విచింగ్ సప్లై). ఇవాళ చేతిసంచిలో పట్టే కంపెనీ బేస్ ఆంప్‌లన్నీ ఈ బాపతే. టీపీఏ3255 లాంటి చిప్‌తో వచ్చే మాడ్యూళ్లు వందల వాట్లు నిజంగానే ఇవ్వగలవు, సప్లై అంత ఇస్తే. వీటి అవుట్‌పుట్ సాధారణంగా బ్రిడ్జ్ పద్ధతిలో ఉంటుంది, అంటే స్పీకర్ రెండు తీగల్లో ఏదీ గ్రౌండ్ కాదు. పాత అలవాటు ప్రకారం లోహపు డబ్బాకు పావు అంగుళం జాక్ బిగిస్తే ఒక తీగ డబ్బాకు షార్ట్ అయి మాడ్యూల్ పోతుంది. డబ్బాకు తగలని ప్లాస్టిక్ స్పీకాన్ సాకెట్ వాడితే ఈ గొడవ లేదు. వాట్ల పరంగా చూస్తే మూడింట్లో ఇదే లాభసాటి. కానీ పాడైతే బాగుచేసే వీలు దాదాపు లేదు, మాడ్యూల్ మొత్తం మార్చాల్సిందే. నేర్చుకోవడం కోసం కట్టేవారికి అందులో కనిపించేదీ తక్కువే.

ప్రీఆంప్‌లో జారిపోయే మంద్రం

పాసివ్ (బ్యాటరీ లేని) బేస్ గిటార్ పికప్‌కు ఎదురయ్యే ఇన్‌పుట్ 10 లక్షల ఓమ్‌ల దగ్గర ఉండాలి. బోర్డుల మీదుండే 10,000, 22,000 ఓమ్‌ల ఇన్‌పుట్‌కు నేరుగా తగిలిస్తే పై అనుస్వరాలు చచ్చి, గోనెసంచి కప్పినట్టు పలుకుతుంది. టీఎల్072 లాంటి జేఫెట్ ఇన్‌పుట్ ఆప్‌ఆంప్ ఈ పని చవకగా చేస్తుంది. దీనికి కావాల్సిన ±15 వోల్టులను 7815, 7915 రెగ్యులేటర్లతో పెద్ద సప్లై నుంచే తీయవచ్చు. 7815 తట్టుకునే ఇన్‌పుట్ 35 వోల్టులే కాబట్టి 25-0-25 సప్లై అయితే మధ్యలో ఒక రెసిస్టర్‌తో వోల్టేజీ కొంత దించాలి.

మంద్రం జారిపోయేది ఒక దశను మరో దశకు కలిపే కప్లింగ్ కెపాసిటర్లలో. 10,000 ఓమ్‌ల ముందు 0.1 మైక్రోఫారడ్ పెడితే 159 హెర్ట్జ్ కిందున్నదంతా తగ్గుముఖం పడుతుంది. బేస్ గిటార్ విడి తీగలు నాలుగూ అందులోకే వస్తాయి. గిటార్ ప్రీఆంప్ రేఖాచిత్రాన్ని యథాతథంగా వాడినప్పుడు జరిగేదిదే. ఒక్కో దశ కొంచెమే కోస్తుందిలే అనుకోవడానికీ లేదు, కోతలు కూడుతాయి. 20 హెర్ట్జ్ దగ్గర కోసే దశలు మూడు వరుసగా ఉంటే ‘ఈ’ తీగకు 2.8 డెసిబెల్స్, ఐదో ‘బీ’ తీగకు 4.6 డెసిబెల్స్ నష్టం. ఒక్కో దశ కోత 7 హెర్ట్జ్ దగ్గరికి దించి, స్పీకర్ రక్షణ కోసం 30 హెర్ట్జ్ దగ్గర కావాలని ఒకే ఒక్క నిటారు ఫిల్టర్ పెట్టుకోవడం మేలు. టోన్ కంట్రోళ్లకు 1952లో పీటర్ బాక్సాండల్ ప్రచురించిన సర్క్యూట్ ఇప్పటికీ చాలు.

పెట్టె సంగతి తేల్చాకే వాట్లు

ఒక వాటుకు ఒక మీటరు దూరంలో 90 డెసిబెల్స్ ఇచ్చే స్పీకర్ ఒకటి, 96 ఇచ్చేది మరొకటి. తేడా 6 డెసిబెల్స్, అంటే నాలుగు రెట్ల శక్తి. రెండో స్పీకర్‌తో 60 వాట్ల ఆంప్, మొదటి దానితో 240 వాట్ల ఆంప్‌తో సమానంగా పలుకుతుంది. ఆంప్ మీద పెట్టే డబ్బులో సగం స్పీకర్‌కు మళ్లిస్తే కలిగే లాభం ఏ బోర్డు మార్పుతోనూ రాదు. అయినా స్పీకర్‌ను చివర్లో మిగిలిన డబ్బుతో కొనేవారే ఎక్కువ.

దుకాణాల్లో స్పీకర్లు అంగుళాలు, వాట్ల లెక్కన అమ్ముతారు. పెట్టె ఘనపరిమాణం లెక్క కట్టాలంటే థీల్, స్మాల్ పరామితులు (స్పీకర్ స్వభావాన్ని చెప్పే కొలతలు) కావాలి. అవి లేని స్పీకర్‌కు రంధ్రం ఉన్న పెట్టె కట్టడం గుడ్డి పందెం. ట్యూనింగ్ పౌనఃపున్యం కింద ఆ పెట్టెలో కోన్‌కు గాలి ఆసరా ఉండదు, అదుపు తప్పి కదిలి దెబ్బతింటుంది. పరామితులు తెలియనప్పుడు మూసిన పెట్టే క్షేమం. 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్, లోపల అడ్డు పట్టీలు, మూలల్లో గాలి పోని అతుకులు చాలు. వెనక తెరిచి ఉండే గిటార్ ఆంప్ పెట్టె బేస్‌కు అస్సలు పనికిరాదు. కోన్ వెనకనుంచి వచ్చే అల ముందుదాన్ని మింగేస్తుంది.

ఎర్త్, సిరీస్ బల్బు, డీసీ రక్షణ

వాయించేవారి వేళ్లు తీగల మీద ఉంటాయి. తీగలు గిటార్ మీదున్న బ్రిడ్జ్ (అవి ఆనే లోహపు భాగం) ద్వారా ఆంప్ గ్రౌండ్‌కు, అక్కడినుంచి డబ్బాకు కలిసి ఉంటాయి. డబ్బాకు ఎర్త్ లేకుండా ట్రాన్స్‌ఫార్మర్ ఇన్సులేషన్ దెబ్బతింటే 230 వోల్టులు నేరుగా చేతికొస్తాయి. పెదవి మైక్‌కు తగిలితే దారి గుండె మీదుగా పోతుంది. మూడో పిన్ తీసేసి హమ్ తగ్గించడం అనే అలవాటు ప్రాణాంతకం. పాత ఇళ్లలో సాకెట్‌కు మూడు రంధ్రాలున్నా వెనక ఎర్త్ తీగ ఉండకపోవచ్చు. ముందు ఎలక్ట్రీషియన్‌తో అది చూపించుకోవాలి. డబ్బా ఎర్త్‌కు విడి బోల్టు, స్విచ్‌కు ముందు స్లో బ్లో ఫ్యూజు తప్పనిసరి.

మొదటిసారి కరెంటు ఇచ్చేటప్పుడు మన టీవీ, రేడియో మెకానిక్‌ల పాత పద్ధతిని మించింది లేదు. లైన్‌కు సిరీస్‌లో 60 వాట్ల ఫిలమెంట్ బల్బు పెడతారు. బల్బు ఒక్క క్షణం వెలిగి మసకబారితే కెపాసిటర్లు నిండాయని అర్థం. వెలుగుతూనే ఉంటే ఎక్కడో షార్ట్ ఉంది, భాగాలేవీ పోకముందే తెలిసిపోతుంది. ఎల్ఈడీ బల్బు ఈ పనికి రాదు. స్పీకర్ తగిలించే ముందు అవుట్‌పుట్‌లో డీసీ కొలవాలి, పదుల మిల్లీవోల్టులు దాటకూడదు.

అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్ పోయినప్పుడు ఎక్కువగా షార్ట్ అయి పోతుంది. అప్పుడు 27 వోల్టుల డీసీ 4 ఓమ్‌ల స్పీకర్ మీద పడితే 180 వాట్ల వేడి, ధ్వని లేకుండా, ఆగకుండా. వాయిస్ కాయిల్ నిమిషం కూడా ఆగదు. యూపీసీ1237 ఐసీ, రిలేతో చేసిన రక్షణ బోర్డు స్పీకర్ ధరతో పోలిస్తే చిల్లర ఖర్చు. క్లాస్ ఏబీ ఆంప్‌లన్నిటికీ పెట్టుకోదగ్గది.

కట్టడమా, కొనడమా

డబ్బు ఆదా ఒక్కటే లక్ష్యమైతే సమాధానం అంత సూటిగా ఉండదు. బోర్డు చవకే, కానీ రాగి ట్రాన్స్‌ఫార్మర్, పెద్ద కెపాసిటర్లు, హీట్‌సింక్, డబ్బా, మంచి స్పీకర్, ప్లైవుడ్ కలిపితే వాడిన కంపెనీ ఆంప్ ధరకు దగ్గరపడుతుంది. కోఠిలో ఎలక్ట్రానిక్స్, రాణిగంజ్‌లో హార్డ్‌వేర్ దొరుకుతాయి. డబ్బా కటింగ్, డ్రిల్లింగ్ సొంతంగా చేసుకోలేనివారికి 2023లో రాయదుర్గంలో మొదలైన టీ-వర్క్స్ లాంటి ప్రోటోటైపింగ్ కేంద్రమూ ఉంది, ఒక్క ఆంప్ డబ్బాకు అది కాస్త ఎక్కువే అయినా. సొంతంగా కట్టినదానికి ఉన్న నిజమైన లాభం వేరు. ఏ భాగం పోయినా ఎక్కడుందో తెలుసు, తిరిగి కోఠి వెళ్లి తెచ్చుకుని గంటలో వేసుకోవచ్చు. దిగుమతి చేసిన ఆంప్ బోర్డు పోతే అదే భాగం కోసం ఎదురుచూపులు తప్పవు.

60 వాట్లు, సున్నితమైన స్పీకర్‌తో, ఇంట్లో సాధనకూ చిన్న హాల్లో కీబోర్డు, గాత్రాల పక్కన వాయించడానికీ సరిపోతాయి. డ్రమ్స్ వచ్చి చేరితే అది చాలదు. అక్కడ 200, 300 వాట్ల క్లాస్ డీ మాడ్యూల్ వైపు వెళ్లాలి, లేదా ప్రీఆంప్ చివర ట్రాన్స్‌ఫార్మర్‌తో వేరుచేసిన బ్యాలెన్స్‌డ్ డీఐ (నేరుగా మిక్సర్‌కు ఇచ్చే) అవుట్‌పుట్ ఒకటి పెట్టి ఎక్స్‌ఎల్ఆర్ కేబుల్‌తో హాల్ సౌండ్ సిస్టమ్‌కు ఇవ్వాలి. రెండోదే చవక. స్టేజీ మీద బేస్‌ను జనానికి వినిపించేది ఎలాగూ హాల్ స్పీకర్లే కాబట్టి, 60 వాట్ల పెట్టె వాయించేవారి వెనక మానిటర్‌గా ఉంటే చాలు. డీఐ ట్రాన్స్‌ఫార్మర్ రెండు గ్రౌండ్‌లనూ విడదీస్తుంది గనుక మిక్సర్ నుంచి హమ్ కూడా వెనక్కి రాదు.